తమ్ముడికి లిఫ్ట్ లేదు

మా భవనంలో లిఫ్ట్ నాది. కాగితాల మీద యజమానిదే అనుకోండి, కానీ ఇరవై రెండేళ్లుగా దాని పిడి తిప్పుతున్నదీ, మూలిగితే నూనె వేస్తున్నదీ, మొరాయిస్తే తిడుతున్నదీ నేనే. కటకటాల తలుపు లాగి మూస్తే గానీ కదలని పాతకాలపు లిఫ్ట్ అది. లోపల ఓ మూల నా స్టూలు. పొద్దున తొమ్మిదికి దానిమీద కూర్చున్నానంటే సాయంత్రం ఆరుకే లేవడం. కింద గంట మోగితే మాత్రం టీ గ్లాసు నోటి దాకా వచ్చినా పక్కన పెట్టి దిగిపోతాను. "నోరు చెడ్డదే గానీ గంటకి వెంటనే పలుకుతుంది" అంటుంది నా గురించి రెండో అంతస్తు క్లినిక్‌లోని నర్సమ్మ. రెండూ నిజమే.

ఆరో అంతస్తులో మా తమ్ముడు గడియారాలు బాగుచేస్తాడు. కంటికి భూతద్దం తగిలించుకుని వంగి కూర్చున్నాడంటే వాడికి లోకం పట్టదు. అందరి టైమూ సరిచేస్తాడు, తను మాత్రం టైముకి తినడు, పడుకోడు. నలభై నాలుగేళ్లకే పొట్ట వచ్చి బల్లకి ఆనుతోంది. ఓ రోజు రక్తపరీక్ష కాగితం పట్టుకుని లిఫ్ట్ ఎక్కాడు. ముఖంలో కళ లేదు.

"షుగరు గడప దాకా వచ్చిందట అక్కా. ఇంకా లోపలికి రాలేదట. మూడు నెలల్లో నాలుగు కిలోలు తగ్గి, రోజూ ఒళ్లు కదిలిస్తే వెనక్కి పంపొచ్చన్నాడు డాక్టరు. లేదంటే ఇక మందులే."

మా నాన్న యాభై రెండో ఏట, కంచం ముందు కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకి ఒరిగిపోయాడు. షుగరూ బీపీ రెండూ ఉన్నాయని ఆ తర్వాత తెలిసింది. అప్పటికి తమ్ముడికి పదకొండేళ్లు, నాకు పందొమ్మిది. అమ్మ అంతకుముందే పోయింది. వీణ్ణి పెంచింది నేనే. వీడికేమో అన్నీ నాన్న పోలికలే. ఆ పొట్టా, ఆ నవ్వూ, డాక్టరు మాట చెవిన పెట్టని ఆ బద్ధకమూ.

మొదటి అంతస్తులో లిఫ్ట్ ఆపి తలుపు తీశాను.

"దిగు."

"నాది ఆరో అంతస్తు కదక్కా!"

"నాకు తెలీదా? దిగి మెట్లెక్కు. ఈ రోజు నుంచి నీకు లిఫ్ట్ లేదు."

నవ్వులాటనుకున్నాడు పాపం. నాకు నవ్వులాటలు రావని వాడికి తెలియాలి. మర్నాటి నుంచి వాడు మెట్ల మీద, నేను లిఫ్ట్‌లో. మధ్యలో ఎక్కడైనా కూలబడతాడేమోనని ప్రతి అంతస్తులోనూ ఆగి, తలుపు తీసి తొంగి చూసేదాన్ని.

"ఎక్కించుకో అక్కా, నీకు పుణ్యముంటుంది."

"నాకే పుణ్యమూ వద్దు. నడువు."

"చెప్పేవాడికి వినేవాడు లోకువని ఊరికే అన్నారా..." అని గొణుక్కుంటూ ఎక్కేవాడు. కాసేపటికి నేను పై అంతస్తులో తయారు. నాలుగో అంతస్తులోని ప్లీడరు గుమాస్తా ఈ వేడుక చూడ్డానికే పొద్దున్నే వచ్చేవాడు.

టీలో పంచదార మాన్పించాను. రాత్రి పదికల్లా వాడి గదిలో దీపం ఆర్పించే పని మరదలికి అప్పజెప్పాను. గడియారం మాట వినక వీడికి చిరాకు పుట్టినప్పుడల్లా భూతద్దం తీసి పక్కనపెట్టి, పదిసార్లు నిదానంగా ఊపిరి పీల్చి వదలమని నర్సమ్మ నేర్పింది. ఆ పది వదిలాడో లేదో నేను రోజూ ఆరా తీసేదాన్ని. తమ్ముడు నన్ను తిట్టుకోని రోజు లేదు. తిట్టుకుంటూనే ఒక్కో అంతస్తుకీ ఆయాసం తగ్గించుకున్నాడు. రెండో నెల చివరికి మెట్లెక్కుతూ ఈల కూడా వేశాడు.

మూడు నెలలకి మళ్లీ పరీక్ష. భోజనం వేళ లిఫ్ట్‌ని రెండో అంతస్తులోనే ఆపి తాళం వేసి, వాడితో క్లినిక్‌లో కూర్చున్నాను. నర్సమ్మ కాగితం చూసి వాడి వీపు తట్టింది.

"షుగరు గడప దగ్గర్నుంచి వెనక్కి పోయింది. నాలుగు కాదు, అయిదు కిలోలు తగ్గాడు నీ తమ్ముడు!"

నాకు ఏడుపొచ్చేసింది. ముక్కు తుడుచుకుంటుంటే నర్సమ్మ నవ్వుతూ బీపీ పట్టీ అందుకుంది. "ఎలాగూ వచ్చావుగా, నీ చెయ్యి కూడా ఇటివ్వు."

ఇచ్చాను. పట్టీ బిగిసింది, వదిలింది. నర్సమ్మ నవ్వు ఆగిపోయింది. పది నిమిషాలు మాట్లాడకుండా కూర్చోమని మళ్లీ చూసింది.

"నూట డెబ్బై ఆరు. కింద నూట నాలుగు."

"మెట్లెక్కి వచ్చాను కదా, అందుకే" అన్నాను.

"నువ్వెప్పుడు మెట్లెక్కావు?"

నవ్వాల్సిన మాటే. తమ్ముడు నవ్వలేదు.

"చివరిసారి బీపీ ఎప్పుడు చూపించుకున్నావు?" అంది నర్సమ్మ.

"నాకేమైందని చూపించుకోడానికి?"

"అది చెప్పి రాదమ్మా."

తమ్ముడు నా ముందుకొచ్చి నిలబడ్డాడు. వాడికి కోపం రాగా నేను చూసింది తక్కువ.

"నన్ను మెట్ల మీద తరిమావు, బాగానే ఉంది. ప్రతి అంతస్తుకీ నువ్వెలా వచ్చావు? స్టూలు మీద కూర్చునేగా! నాన్న నా ఒక్కడికేనా నాన్న? నీకిప్పుడెన్నేళ్లో తెలుసా అక్కా?"

తెలుసు. యాభై రెండు. తమ్ముడి వయసైతే నెలలతో సహా చెప్పగలను. నాది మాత్రం ఎప్పుడూ నాన్న వయసు పక్కన పెట్టి చూసుకోలేదు. ఆ నిమిషంలో నాకు నిజంగా భయమేసింది.

డాక్టరు మాత్ర రాశాడు. ఉప్పు తగ్గించమన్నాడు, మాత్ర ఒక్కరోజు కూడా మానొద్దన్నాడు. బీపీ దిగాక రోజూ నడవమన్నాడు. మూడు వారాలకి దిగింది. మెట్లు ఎక్కొచ్చు గానీ నిదానంగా, ఆయాసం వస్తే ఆగిపోవాలి అన్నాడు. మర్నాడు ఎనిమిదిన్నరకే తమ్ముడు వచ్చి నా ముందు చెయ్యి చాపాడు.

"తాళం ఇటివ్వు. నీకు లిఫ్ట్ లేదు."

నా లిఫ్ట్‌లో, నా స్టూలు మీద వాడు. మెట్ల మీద నేను. ఇరవై రెండేళ్లలో ఈ మెట్లకి ఎంత దుమ్ము పట్టిందో నాకు తెలియనే తెలియదు. ఊడ్చేవాడి సంగతి తర్వాత చూసుకోవాలనుకుంటూ ఎక్కాను. మొదటి అంతస్తులో తలుపు తెరుచుకుంది.

"ఎక్కుతావా అక్కా?"

"పోరా."

రెండో అంతస్తులో కూడా అదే మాట, అదే జవాబు. మూడో అంతస్తులో చెయ్యి మాత్రం ఊపాను. నాలుగో అంతస్తుకి ఇంకో అయిదు మెట్లున్నాయనగా ఊపిరి అందక గోడ పట్టుకుని కూర్చుండిపోయాను. పైన తలుపు తెరుచుకుంది. ఈసారి తమ్ముడు ఏమీ అడగలేదు. లిఫ్ట్‌ని అలాగే వదిలేసి గబగబా దిగొచ్చాడు.

"నొప్పేమైనా ఉందా?"

లేదని తల ఊపాను. "ఆయాసమే."

పక్కన కూర్చుని నా మణికట్టు పట్టుకున్నాడు. జేబులోంచి ఎవరిదో బాగుచేసిన గడియారం తీశాడు.

"పీల్చు. నిదానంగా వదులు. పది."

అప్పుడే కింద గంట మోగింది. ఎవరో తొందరగా వచ్చినట్టున్నారు. ఒంట్లో ఓపిక లేకపోయినా లేవబోయాను. వాడు నా భుజం మీద చెయ్యేసి కూర్చోబెట్టాడు.

"గంట మోగుతోందిరా!"

"మోగనీ. మాట్లాడకు, లెక్క తప్పుతుంది."

గంట మళ్లీ మోగింది. నేను కదల్లేదు. తమ్ముడు గడియారం మీద నుంచి చూపు తిప్పకుండా, పెదవులు కదుపుతూ నా నాడి లెక్కపెడుతున్నాడు. వాడికి అంకెలు నేర్పింది నేనే.