ఆమెన్‌కు ముందు

చచ్చిన పట్టుపురుగుల్ని తట్టలకెత్తి, గుంతలో పోసి, పైన సున్నం చల్లడం నా పని. పొద్దున్నుంచి ఇది పదకొండో తట్ట. నాలుగోసారి పొర విడిచి, ఇంకో వారంలో గూళ్లు కట్టాల్సిన పురుగులు ఉబ్బిపోయి, ముట్టుకుంటే పాలలాంటి నీళ్లు కారి చచ్చాయి. వాకిట్లో కూర్చుని చూస్తున్న మా అత్త సొన్నమ్మ, "ఆ మూడు దినాలూ లోపలికి పోయింది గదా, ఇంగేమవుతుంది" అంది. నాతో కాదు, గోడతో.

సున్నం బొచ్చె పట్టుకుని అట్లే నిలబడిపోయాను. ఆ మూడు దినాలు నన్ను పురుగుల గదిలోకి పొమ్మన్నది ఆమే.

ఈ ఇంటికి నేను వచ్చిన కొత్తలో నెలనెలా మూడు దినాలు పశువుల కొట్టం పక్కన చాప మీద ఉండేదాన్ని. గదిలోకి పోతే పురుగులు చస్తాయని భయం. ఎవరికీ ఆనకుండా కంచం దూరంగా పెట్టేవాళ్లు. అవమానంగా ఉండేది. తర్వాత మా ఆయన పురుషోత్తమ్ తాగుడు మానలేక మానలేక రాబర్ట్‌సన్‌పేట పాస్టరయ్య దగ్గరికి పోయి, నిజంగానే మానేశాడు. ఇల్లంతా విశ్వాసంలోకి వచ్చాము. దేవుడు చేసిన దేహంలో మైల లేదని పాస్టరయ్య మొదటిసారి మా ఇంట్లో చెప్పిన రోజు నేను కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. ఆ నెల చాప చుట్టి అటక మీద పెట్టాను. మరుసటి పొద్దున్నే అత్త కొడవలి నా ముందు పెట్టి, "మైల లేదంట గదా, ఆకు కోసుకురా" అంది. మైలతో పాటు ఆ మూడు దినాల కూర్చోవడం కూడా పోయిందని అప్పుడు తెలిసింది. ఆకు కోయడం, తరగడం, రోజుకు నాలుగు మేతలు, తట్టల కింద చెత్త తీయడం, మధ్యలో రాగిసంగటి, పాలు, పేడ. నెలకు ముప్పై దినాలూ.

అయినా ప్రభువు మీద నాకు కోపం రాలేదు. మల్బరీ తోటలో ఒక్కదాన్నే ఆకు కోసేటప్పుడు ఆయనతో మాట్లాడేదాన్ని. నాకు పెద్ద మాటలు రావు. ఇయ్యాళ నడుం నొస్తా ఉంది, ఇయ్యాళ ఆయన బాగా మాట్లాడినాడు, ఇట్లాంటివే. మా ఇంట్లో ఎవరితో మాట్లాడినా సగం మింగి మాట్లాడాలి. తోటలో మింగేది ఉండేది కాదు.

పోయిన వారం వాన పట్టుకుంది. రాబర్ట్‌సన్‌పేటలో మూడు దినాల సభలు. మా ఆయన సాక్ష్యం చెప్పాల్సి ఉంది. వానలోనే ఆకు కోసుకొచ్చి, మూడు దినాలకూ సరిపోయేట్టు కుప్ప పోసి, పైన ప్లాస్టిక్ పట్ట కప్పాడు. ఆకు తడిగా ఉండాది, పరిచి ఆరనిద్దాం అన్నాను. కుప్ప మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి, విశ్వాసముండే ఇంటిని తడి ఏమి చేస్తుందని నవ్వి, బస్సెక్కాడు. నాకు నెలసరి అదే రోజు వచ్చింది. పాత చీర నడుముకు బిగించి కట్టుకుని, చేతనైనంత ఆకు పరిచి, గుడ్డతో ఒత్తి, మేతలు వేశాను. రెండో దినానికి కుప్ప లోపల ఆకు వేడెక్కి వాసన కొట్టింది. తోటలో కోతకొచ్చిన ఆకంతా ఆయనే కోసేశాడు. వేరే ఆకు లేదు. అదే వేశాను. సభల్లో మా ఆయన ఏం సాక్ష్యం చెప్పాడో తర్వాత పాస్టరమ్మ ఫోన్‌లో సంతోషంగా చెప్పింది. నేనిక్కడ దేవుని పనిలో ఉంటే, ఇంటి దగ్గర నా పురుగులకు దూతలు మేత వేస్తా ఉండారు అన్నాడంట. అందరూ చప్పట్లు కొట్టారంట.

పురుగులు చచ్చాక పాస్టరయ్య ఇంట్లో అవిశ్వాసం ఎక్కడుందో వెతుక్కోమన్నాడు. మా ఆయనకు ఎక్కువ వెతకాల్సిన పని పడలేదు.

"తడి తడి అని అల్లాడిందెవురు? ప్రార్థన చేసిన ఆకును గుడ్డతో ఒత్తిందెవురు?" అన్నాడు. "గురువారం కూడికలో నువ్వే ప్రార్థన చేసి ఒప్పుకో, ప్రేమా. నా అవిశ్వాసంతో పంట పోయిందను. అంతే. దేవుడు క్షమిస్తాడు, పాస్టరయ్య ముందర ఇంటి పేరు నిలబడుతుంది."

అరవలేదు, కొట్టలేదు. తాగుడు మానిన మనిషి. ఆ ఒక్క మేలుకు నేను ఎన్నేళ్లు తల వంచుకోవాలో ఎవరూ చెప్పరు. పాత భక్తిలో పురుగుల్ని నా మైల చంపింది. కొత్త భక్తిలో నా అవిశ్వాసం చంపింది. దేవుడు మారినా ముద్దాయిని మాత్రం మార్చలేదు.

గురువారం సాయంత్రం మా ఇంట్లో పద్నాలుగు మంది చాపల మీద కూర్చున్నారు. కూడిక అయిపోగానే టీ ఇవ్వాలి కాబట్టి స్టవ్ సన్నగా పెట్టి నీళ్లు ఎక్కించి వచ్చాను. పాస్టరయ్య నా వైపు చూసి, "చెయ్యమ్మా" అన్నాడు. అందరూ కళ్లు మూసుకున్నారు. ప్రార్థన చేసేవాళ్లు ఆమెన్ అనేదాకా ఎవరూ అడ్డు మాట్లాడకూడదు, కళ్లు తెరవకూడదు. ఈ ఇంట్లో నా మాటకు ఎవరూ అడ్డురాని చోటు అదొక్కటేనని మోకాళ్ల మీద కూర్చున్నాకే తట్టింది. చెప్పమన్నది రెండే ముక్కలు. కానీ తోటలో రోజూ మాట్లాడే ఆయనకే ఈ అబద్ధం చెప్పాలి. చెబితే, అవిశ్వాసం అప్పుడు మొదలవుతుంది.

"ప్రభువా, పంట పోయింది" అన్నాను.

"స్తోత్రం" అంది అత్త, అలవాటుగా.

"మూడు దినాలు వాన. ఆకు తడిగా ఉండాదని నేను చెప్పినాను. వినకుండా కుప్పేసి, పట్ట కప్పి పోయింది నా మొగుడు. ఆ ఆకు ఏసింది నేను. వేరే ఆకు లేదు. నీకు తెలుసు."

ఈసారి స్తోత్రం రాలేదు. మా ఆయన గొంతు సవరించుకున్నాడు.

"పురుగులు నా మైలకు చావలేదు, నా అవిశ్వాసానికి చావలేదు. మేత ఏసింది దూతలు కాదు, నేను. నడుం పట్టుకుపోతా ఉంటే ఏసినాను. అప్పుడు నాకు తోడున్నది నువ్వొక్కడివే, అందుకు స్తోత్రం. వచ్చే పంటకు నెలలో ఆ మూడు దినాలు నేను పురుగుల గదిలోకి పోను. మైలని కాదు, నొప్పని. కొట్టం పక్కన గాదు, ఇంట్లోనే పండుకుంటాను."

చెప్పాల్సింది అయిపోయింది. వంటింట్లో నీళ్లు మరుగుతున్నాయి, మూత కొట్టుకుంటోంది. నేను ఆమెన్ అంటే అందరూ కళ్లు తెరుస్తారు, నేను లేచి టీ తేవాలి. పద్నాలుగు మంది తల వంచుకుని ఆ మాట కోసం కాచుకుని ఉన్నారు.

నేనింకా అనలేదు.