మా అత్త మోకాలి చీటీ

వైద్య కళాశాలలో పాత వైద్య సామాన్లు దాచే గది ఒకటుంది. అక్కడి గాజుపెట్టెలో మా అత్త మోకాలి ముక్క పెట్టారని తెలిసి, నేను సెలవు పెట్టి మరీ అత్తతో వెళ్లాను. ముక్క అంటే ఎముక కాదు. మోకాలు లోపలివైపు సగమే అరిగితే ఆ సగానికే వేసే ఇంప్లాంటు. పైన వంపు తిరిగిన లోహపు డిప్ప, కింద బిళ్ల, మధ్యలో తెల్లటి ప్లాస్టిక్. ఆ ప్లాస్టిక్ అరిగిపోయాక అది తీసేసి మోకాలు మొత్తం మార్చారు.

"ఇంతేనా? ఆ నొప్పికి ఇటుకంత ఉంటుందనుకున్నా," అంది అత్త, గాజుకి ముక్కు ఆనించి.

కింద చీటీ నేను పైకి చదివాను. "ఎడమ మోకాలు. గృహిణి. అధిక బరువు, వ్యాయామం లేకపోవడం వల్ల అరిగిన ప్లాస్టిక్."

అత్త ముక్కు వెనక్కి తీసింది. "ఎవరే ఆ గృహిణి?"

"మీరేనట."

ఇరవై రెండేళ్లు లాండ్రీలో ప్రెస్ మిషను నడిపిన మనిషి. అందులో పదకొండేళ్లు ఈ ముక్కతోనే. ఆ మిషనుకి పెడల్ కుడివైపే ఉంటుంది. కుడికాలు తొక్కాలి, ఒళ్లంతా ఎడమకాలు మోయాలి. రోజుకి నాలుగొందల దుప్పట్లు. ఇప్పుడు ఆ మిషను మీద నేనున్నాను. మూడు నెలలుగా మెట్లు దిగితే నా ఎడమ మోకాలు కలుక్కుమంటోంది. ఎడమవైపు కూడా పెడల్ పెట్టించమంటే మా మేనేజరు, "బరువు తగ్గమ్మా, నడువు," అన్నాడు. ఆ మాట ఎక్కడ పుట్టిందో ఇప్పుడు తెలిసింది. ఇలాంటి చీటీలు చదువుకునే గదా డాక్టర్లయ్యేది, వాళ్ల మాటే గదా మేనేజర్లు అప్పజెప్పేది.

గది చూసుకునే ఉద్యోగి కళ్లజోడు తుడుచుకుంటూ వచ్చాడు.

"చీటీ మార్చు బాబూ," అంది అత్త.

"కేసు కాగితంలో అలాగే ఉందమ్మా. నా సొంత మాట కాదు."

"కాగితం రాసేటప్పుడు నా పనేంటని ఎవరడిగారు? బరువు చూశారు, పొమ్మన్నారు. బరువు వల్లయితే కుడి మోకాలు బాగానే ఉందేం? నా కుడికాలు పక్కింట్లో పెరిగిందా?"

అతను నవ్వబోయి ఆపుకున్నాడు. "ఆలోచించాల్సిందే."

"ఆలోచన తర్వాత. ఇలా నిలబడు." తన చేతిసంచి అతని కుడికాలి ముందు పడేసింది. "ఇదే పెడల్. తొక్కు, వంగి దుప్పటి సర్దు, వదులు. మళ్లీ తొక్కు."

"సంచిలో ఏమైనా..."

"నీళ్ల సీసా తీసేశాలే. తొక్కు."

మంచివాడు, తొక్కాడు. నేను లెక్కపెట్టాను. అరవై దగ్గర ఎడమ మోకాలు పట్టుకున్నాడు. ఎనభై మూడు దగ్గర బల్ల పట్టుకున్నాడు.

"ఇంకా టీ వేళ కూడా కాలేదు," అంది అత్త.

కుంటుతూ వెళ్లి కొత్త చీటీ తెచ్చాడు. అత్త చెప్పింది, అతను రాశాడు. లాండ్రీ కార్మికురాలు. కుడి పెడల్ మిషను. ఎడమకాలి మీద ఇరవై రెండేళ్లు. కేసు కాగితంలోని బరువు మాట కూడా ఉంచాల్సి వస్తుందన్నాడు.

"ఉంచు. లావుగా ఉన్నమాట నిజమే. కానీ అది రెండో వరసలో రాయి."

రాశాడు. కింద కళాశాల ముద్ర కొట్టాడు. నేను ఫోటో తీసుకున్నాను.

బయటికొస్తూ అత్త అంది, "రేపు మీ మేనేజరు దగ్గరికి నేనూ వస్తా."

"మీరెందుకు అత్తయ్యా? ఫోటో ఉందిగా."

అత్త సంచి మీది బూటు మరక దులిపింది. "ఫోటో నువ్వు చూపించు. సంచి నేను పట్టుకొస్తా."