రూత్ గురించి నాలుగు మాటలు

"శశీ, కేశవరావుగారికి ఇంకొకటి. కాస్త ఎర్రగా కాల్చు," అన్నారు మా ఆయన డైనింగ్ టేబుల్ దగ్గర నుంచి.

పెనం మీద పిండి పోసి, గరిటెతో తిప్పి, ఉల్లిపాయలూ అల్లం ముక్కలూ చల్లాను. పెసరట్టు కాలినంతసేపు నేను వంటగదిలో ఉండాలి, కాలాక టేబుల్ దగ్గరికి నడవాలి. అందుకే ఆ శనివారం ఉదయం రూత్ చావు గురించిన చర్చ నాకు ముక్కలు ముక్కలుగానే అందింది. మొదటి అట్టు తీసుకెళ్ళినప్పుడు ఆవిడని సైనికులు కావాలనే కాల్చారు. రెండోది తీసుకెళ్ళేసరికి రాళ్ళు రువ్వేవాళ్ళని చెదరగొట్టడానికి పేల్చిన తూటా దారి తప్పి తగిలింది. మూడోదాని వేళకి అసలు అంత దూరం వెళ్ళడమే ఆవిడ తప్పయి కూర్చుంది.

రూత్ అమెరికాలో మేముండే ఊరు ఆష్‌బర్న్ లైబ్రరీలో ప్రతి మంగళవారం మాలాంటి వాళ్ళ చేత ఇంగ్లీషు మాట్లాడించే ఆవిడ. డెబ్బై దాటిన అమెరికన్ యూదురాలు. ఏటా అక్టోబరులో ఒక శాంతి బృందంతో వెస్ట్ బ్యాంక్ వెళ్ళి, ఆలివ్ కాయలు కోసుకునే పాలస్తీనా రైతుల పక్కన నిలబడేది. బయటి దేశం వాళ్ళు పక్కనుంటే అక్కడి సైనికులు గానీ మరొకరు గానీ రైతుల మీదికి రారని వాళ్ళ నమ్మకం. ఈసారి ఆ తోటలోనే తూటా తగిలి పోయింది. ఆవిడ ఊరు మా ఊరే కాబట్టి టీవీ వాళ్ళ వ్యాన్లు లైబ్రరీ ముందు ఆగాయి. మా ఇంట్లో పెసరట్ల మీదికి మాటలొచ్చాయి. టేబుల్ చుట్టూ ఉన్న నలుగురిలో ఆవిడని చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. చూసినదాన్ని పొయ్యి దగ్గర ఉన్నాను.

"అది మన తాతల కాలం నాటి గొడవ జగన్," అంటున్నారు కేశవరావుగారు మా ఆయనతో. ఈయన ఆఫీసులో సీనియర్, ఈ ఊళ్ళో మాకు పెద్దదిక్కు. "ఈవిడెళ్ళి నాలుగు కాయలు కోస్తే ఆగుద్దా? ఆలివ్‌లు కావాలంటే కాస్ట్‌కో కొట్లో దొరుకుతాయిగా!"

మా ఆయన నవ్వారు. మా అమ్మాయి సాన్వి నవ్వలేదు.

"అంకుల్, దట్స్ నాట్ ఫన్నీ. షి వాజ్ మర్డర్డ్."

"సాన్వీ, ఆ వర్డ్ వాడకు," అన్నారు మా ఆయన.

"ప్రూఫ్ ఉందా తల్లీ?"

"వీడియో ఉంది అంకుల్!"

"వీడియోలో ఏముంటది? దుమ్ము."

"ఎంక్వైరీ నడుస్తున్నదంటున్నరు కదా," అంది కేశవరావుగారి భార్య స్మృతి, చట్నీ వేసుకుంటూ. "అప్పటిదాకా గమ్మునుంటేనే మంచిది. మా టీమ్‌ల రెండు దిక్కులోళ్ళూ ఉన్నరు. నేనైతే లంచ్‌ల వెదర్ గురించి మాట్లాడి లేచొస్త."

నేను అట్టు వడ్డిస్తూ ఒక్క క్షణం ఎక్కువ నిలబడ్డానేమో, మా ఆయన నా వైపు తిరిగారు. "నీకు కన్ఫ్యూజింగ్‌గా ఉంటుందిలే శశీ. దీని వెనకాల బాల్ఫర్ డిక్లరేషన్ అని ఒకటుంది. 1917లో..."

వరంగల్‌లో ఎం.ఏ. పొలిటికల్ సైన్స్ ఫైనలియర్లో, పాలస్తీనాలో యూదులకి చోటిస్తామన్న ఆ బ్రిటిష్ ప్రకటన మీదే వ్యాసం రాసి క్లాసులో అందరికంటే ఎక్కువ మార్కులు తెచ్చుకున్నాను. ఆ సంగతి ఆయనకి తెలుసు. పెళ్ళిచూపుల్లో మా నాన్న గొప్పగా చెప్పారు. కాకపోతే అది పెళ్ళయ్యాక గుర్తుంచుకోవలసిన విషయాల్లోకి రాదు. ఆయనకి ఉప్మా ఎంత జారుగా ఉండాలో, ఆయన ఏ చొక్కా ఇస్త్రీ తొందరగా నలుగుతుందో నాకు గుర్తున్నట్టు నా చదువు ఎవరికైనా ఎందుకు గుర్తుండాలి? తల ఊపి వంటగదిలోకి వచ్చేశాను.

వారం రోజులుగా నాకు ఒక చోట కాలు నిలవడం లేదు. కడిగిన గిన్నెలే మళ్ళీ కడుగుతున్నాను. రూత్ కోసం ఆదివారం లైబ్రరీలో సంస్మరణ సభ పెట్టారు. మా క్లాసులో ఇరాన్ నుంచి వచ్చిన ఆవిడ మాట్లాడుతోందట. కొరియా ఆవిడా మాట్లాడుతోందట. నన్ను ఎవరూ అడగలేదు. ఆరేళ్ళు ఆవిడ పక్క కుర్చీలో కూర్చున్నాను. పులిహోర తీసుకెళితే ఫోర్కుతో తింటూ, కరివేపాకు రెబ్బ తగిలినప్పుడల్లా పైకెత్తి, "ఇది తినాలా, పారెయ్యాలా?" అని అడిగేది. రైతులు చెట్టు కింద గుడ్డ పరిచి కాయలు ఎలా దులుపుతారో నా చున్నీ లాక్కుని నేల మీద పరిచి చూపించింది. అంత చనువున్న నన్ను లైబ్రరీ వాళ్ళు మరిచిపోయారంటే, నేను ఆ గదిలో కూడా మా ఇంట్లోలాగే కనపడకుండా కూర్చున్నానేమో అనిపించింది.

రూత్ సాధువేం కాదు. నా వాక్యం మధ్యలోనే తప్పు దిద్దేది. ఆలస్యంగా వెళితే ముఖం గంటు పెట్టుకునేది. యూదుల దేశం వైపు హైఫాలో ఉన్న సొంత చెల్లెలితో రెండేళ్ళుగా మాటల్లేవు. ఆ చెల్లెలి పక్కింటి కుర్రాడు దాడిలో పోయినప్పుడు మాత్రం క్లాసుకి వచ్చి, కోటు కూడా విప్పకుండా గంటసేపు కూర్చుంది. గాజాలో బాంబులు పడి పిల్లలు పోయిన వారంలోనూ అలాగే కూర్చుంది. ఒకసారి నేను తెగించి, "ఇంతకీ తప్పు ఎవరిది?" అని అడిగాను. ఆవిడకి చర్రుమని కోపం వచ్చింది. "ఆ ప్రశ్న అడిగేసి అందరూ ఇంటికెళ్ళి హాయిగా పడుకుంటారు," అంది. నాకు చివుక్కుమంది. ఆ మాట సబబో కాదో ఇప్పటికీ తేల్చుకోలేదు. తప్పెవరిదో తేలకపోతే పోయినవాళ్ళకి న్యాయం ఏమిటి? ఆవిడతో ఇంకా పోట్లాడాల్సి ఉంది. వీళ్ళేమో టేబుల్ దగ్గర ఆవిడని అమరురాలినో, అమాయకురాలినో చేసి చేతులు కడుక్కుంటున్నారు.

"మీ మిసెస్ వెళ్ళేది ఆ క్లాసుకేగా?" అని కేశవరావుగారు అడగడం వినపడింది. నేను అట్టుతో వెళుతున్నాను.

"అవునండీ. రేపటి మీటింగ్‌లో మాట్లాడమని శశికి మెయిల్ కూడా పెట్టారు. నేనే రిప్లై కొట్టేశా, ఇండియా వెళ్ళిందని. ఎందుకొచ్చిన తంటా!"

"మంచి పని చేశావ్. ఈ రోజుల్లో ఎవడు రికార్డ్ చేస్తాడో తెలీదు."

అట్టు మా ఆయన పళ్ళెంలో వేశాను. అది చక్కగా, ఆయన కోరినట్టే, ఎర్రగా కాలింది.

ఈ దేశం వచ్చిన కొత్తలో నా పేరుతో ఏ ఫారం నింపినా ఆయన తన ఈమెయిలే ఇచ్చేవారు. వీసాకి, బ్యాంకుకి, డాక్టరుకి, చివరికి లైబ్రరీ కార్డుకి. నాకూ సుళువుగానే ఉండేది. డిపెండెంట్ వీసా మీద వచ్చిన మా తెలుగు ఆడవాళ్ళలో చాలామందికి ఇదే పద్ధతి. మా ఉత్తరాలు మా ఆయనలకి చేరతాయి, వాళ్ళు సాయంత్రం మాకు కావలసినంత చెబుతారు. ఆయన దాచిపెట్టి చేసింది కూడా కాదు. దాచవలసిన పని అని తోచి ఉంటే అందరి ముందూ అనేవారు కాదు. అదే నాకు ఊపిరాడనివ్వలేదు.

స్మృతి గిన్నె తెచ్చే నెపంతో వంటగదిలోకి వచ్చింది. "ఏమనుకోకక్కా. మా ఆయనైతే టాక్స్ పేపర్ల మీద నా సంతకం కూడా ఆయనే కొడ్తడు. నేను ఉద్యోగం చేస్తున్న, అయినా గంతే."

"నువ్వు అడగలేదా?"

"ఏమని అడుగుత? పని అయితున్నది కదా," అని నవ్వబోయింది. నవ్వు సగంలోనే ఆగిపోయింది.

వాళ్ళు వెళ్ళాక మా ఆయనతో అన్నాను, "నేను మాట్లాడతాను రేపు."

ఆయన కేకలేం వేయలేదు. వేసి ఉంటే నాకు తేలికగా ఉండేది. సోఫాలో కూర్చుని తల పట్టుకున్నారు. "గ్రీన్ కార్డ్ ఇంకా క్యూలోనే ఉంది శశీ. సాన్విని మూడేళ్ళప్పుడు ఎత్తుకుని తెచ్చాం. ఇరవై ఒకటి నిండితే మన వీసా కింద ఉండదు. మన ఫైలు ఆపెయ్యడానికి ఒక్క వీడియో, ఒక్క కామెంట్ చాలు. అప్పుడు పిల్ల ఎక్కడికి పోతుంది? నీకా ఆలోచన లేదా?"

ఉంది. ఆ ఆలోచన లేకుండా నేను ఒక్క రోజు కూడా నిద్ర లేవను. ఆయన భయం అబద్ధం కాదు. కాని ఆ భయాన్ని నాతో పంచుకుని ఉంటే ఇద్దరం కలిసి నిర్ణయించేవాళ్ళం. ఆయన నన్ను ఇండియా పంపించేశారు.

"సరే, వెళ్ళు. వెనకాల కూర్చో. ఎవరైనా అడిగితే నిన్ననే దిగానని చెప్పు," అన్నారు చివరికి, పెద్ద మనసు చేసుకుని.

సాన్వి గదిలోంచి ఫోను పట్టుకుని వచ్చింది. "అమ్మా, ఐ రోట్ ఇట్ ఫర్ యూ. జస్ట్ రీడ్ ఇట్. 'చనిపోయింది' అనొద్దు, 'చంపేశారు' అని సే చెయ్."

పిల్ల కళ్ళలో నీళ్ళున్నాయి. దగ్గరికి తీసుకున్నాను. ఫోను మాత్రం తీసుకోలేదు. ఒకరు నా నోరు మూస్తారు, ఒకరు నా నోట్లో మాట పెడతారు. నా నోరు ఎవరికీ నాదిగా కనపడటం లేదా అనుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నం లైబ్రరీ హాలు నిండిపోయింది. ఒక వైపు పాలస్తీనా వాళ్ళ నలుపు తెలుపు గళ్ళ కండువాలు కప్పుకున్న కాలేజీ పిల్లలు, ఇంకో వైపు రూత్ వెళ్ళే యూదుల ప్రార్థనాలయం, సినగాగ్ నుంచి వచ్చిన పెద్దవాళ్ళు. మధ్యలో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. మా ఆయన వెళ్ళి వెనక వరసలో నాకొక చోటు ఆపారు. సాన్వి ఆయన పక్కన కూర్చుంది.

లైబ్రరీ ఆవిడ డయాన్ నన్ను చూసి గబగబా వచ్చింది. "శశీ! మీరు ఇండియాలో ఉన్నారనుకున్నాను. ఎప్పుడొచ్చారు?"

నిన్న అనే మాట నోటి దాకా వచ్చింది. ఎంత సులువైన మాట! అందరికీ సర్దుబాటైపోతుంది.

"నేను ఎక్కడికీ వెళ్ళలేదు డయాన్. ఆ జవాబు మా ఆయన రాశారు. మీరు అడిగిన సంగతి నాకు నిన్ననే తెలిసింది. ఇంకా వీలుంటే మాట్లాడతాను."

ఆవిడ ముఖం ఎర్రబడింది. నా భుజం మీదుగా వెనక వరస వైపు చూసి, చూపు దించుకుంది. "తప్పకుండా. రెండు నిమిషాలు. ఒక్కటే మనవి, ఎవరినీ నొప్పించకుండా, గొడవ లేకుండా..."

"రూత్‌తో గొడవ పడకుండా నాకు ఒక్క మంగళవారం గడవలేదు," అన్నాను.

మైకు నా ఎత్తుకి పైన ఉంది. రెండు చేతులతో కిందికి వంచాను. అది కీచుమంది. కండువాల పిల్లలూ, పెద్దవాళ్ళూ, అందరూ నేను ఎటు వైపు మనిషినో తేల్చుకోవడానికి చూస్తున్నారు. ఇద్దరు ముగ్గురు ఫోన్లు పైకెత్తారు. వెనక వరసలో మా ఆయన వద్దన్నట్టు చెయ్యెత్తారు.

"నా పేరు శశికళ," అన్నాను. "తప్పు ఎవరిదన్న ప్రశ్న రూత్ నన్ను మళ్ళీ అడగనివ్వలేదు. అది ఇవాళ అడుగుతాను. నాకు జవాబు తెలియదు. మీకు తెలుసనుకుంటే, దయచేసి, నేను ముగించేదాకా మాట్లాడకండి."