శివరాంకు పోయని చాయ్

బాన్సువాడలో పిట్లం రోడ్డు మీద రాజేశ్వర్ లారీల రిపేరు షెడ్డు, దాని పక్కనే పోసవ్వ చాయ్ అంగడి. మనిషి రాకముందే పోసవ్వ చాయ్ పోసి బల్ల మీద పెట్టేది. తాగేవాడు వచ్చి కూర్చునేసరికి నోటికి పట్టేంత వేడి మిగిలేది. ఆమె ఆరబెట్టిన మిరపకాయలు ఎత్తుతుంటే వీధంతా తమవీ ఎత్తుకునేది. కాసేపటికి వాన వచ్చేది. ఒకసారి పొద్దున్నే, విరిగిన ఎముకకు కట్టు కట్టే వెదురు బద్దలు, పసుపు గుడ్డ తెచ్చి షెడ్డు గడప మీద పెట్టింది. మధ్యాహ్నం భీంరావు అనే డ్రైవర్ పాత లారీని స్టార్ట్ చేయడానికి ముందు దూర్చిన ఇనుప హ్యాండిల్ తిప్పుతుంటే అది ఎదురు తన్ని మణికట్టు విరిగింది. ఎముక వంకరగా అతికింది. భీంరావు మళ్లీ స్టీరింగ్ పట్టలేదు, బర్లు కాస్తున్నాడు.

తొంభై ఆరులో రాజేశ్వర్ బావ శివరాం మిలిటరీ వేలంలో ఒక పాత పెట్రోల్ లారీ కొన్నాడు. చెరుకు లోడుతో అది కాలువ గట్టు ఎక్కడం లేదని బామ్మర్ది వెంట పడ్డాడు. రాజేశ్వర్ ఇంజన్ విప్పి, దాని పైమూత అయిన హెడ్డు అడుగుభాగాన్ని నిజామాబాద్ లేత్ మీద చెక్కించి తెచ్చాడు. పిస్టన్ పైన చోటు తగ్గితే పెట్రోలూ గాలీ మరింత గట్టిగా నలుగుతాయి, బలం పెరుగుతుంది. ప్లగ్గు నిప్పు ఎప్పుడు వేయాలో చెప్పే గుర్తును మాత్రం పాతచోటనే ఉంచాడు. కంపెనీ కొట్టిన గుర్తును అనుమానించడం అతనికి తోచలేదు. నిన్న నలుగురు తోసి స్టార్ట్ చేస్తే గట్టెక్కుతూ ఇంజన్ పేలాలు వేయించినట్టు టకటకలాడింది. పెట్రోలు కల్తీ అనుకున్నాడు.

ఇవాళ కూడా బ్యాటరీకి ఇంజన్ తిప్పేంత బలం లేదు. తోసినవాళ్లు యాసంగి వరి నాట్లకు పోయారు. కోటగిరిలో కొట్టిన చెరుకు ఎండుతోందని శివరాం హ్యాండిల్ చేతబట్టుకుని వచ్చాడు. పోసవ్వ బల్ల మీద ఒకే గ్లాసు ఉంది. అది రాజేశ్వర్‌ది.

"నాదేది అవ్వా? బామ్మర్దికేనా మర్యాద?"

"నువ్వు తాగవు గద బిడ్డా ఇయ్యాల," అంది పోసవ్వ మామూలుగా.

శివరాం నవ్వి లారీ ముందుకు పోయాడు. పోసవ్వ లోపలికి వెళ్లి వెదురు బద్దలు, పసుపు గుడ్డ తెచ్చి షెడ్డు గడప మీద పెట్టింది.

రాజేశ్వర్ లేచి పరుగున పోయి హ్యాండిల్ లాక్కున్నాడు.

"ఏందిరా, నీ పని మీద నీకే నమ్మకం లేదా? మీ అక్కకు చెప్తా," అన్నాడు శివరాం.

రాజేశ్వర్ బానెట్ ఎత్తి అన్నీ చూశాడు. నిప్పు గుర్తు పాతచోటనే ఉంది. తప్పు ఎక్కడా కనబడలేదు. తిరిగి వచ్చి పోసవ్వను అడిగాడు. చేతులకు తెలుస్తది, నాకు తెల్వది అంది ఆమె. అతను బల్ల మీదున్న తన చాయ్ అందుకున్నాడు. వేళ్లకు పల్చటి గాజు తగిలింది.

"గిలాసలు మార్చినవా అవ్వా?"

"ఆ పాత ఇత్తడివాట్ల ఎంతకూ సల్లారకపోతుండె. గీ సన్నటివాట్ల జల్ది సల్లారుతది. అందుకే ఇగ అంత ముందుగాల పోస్తలేను."

రాజేశ్వర్ గ్లాసు వంక చూస్తూ ఉండిపోయాడు. నిప్పు అంటుకుని పాకడానికి కొంత సమయం కావాలి. అందుకే పిస్టన్ పైకి చేరకముందే ప్లగ్గు వెలుగుతుంది. కానీ తను చోటును ఇరుకు చేశాడు. ఇరుకులో మంట జల్ది పాకుతుంది. పాత గుర్తుకే వెలిగిస్తే, పిస్టన్ ఇంకా పైకి వస్తుండగానే మంట దాన్ని వెనక్కి తంతుంది. ఆ తన్ను హ్యాండిల్ పట్టిన చేతికి వస్తుంది. నిన్నటి టకటకలు కల్తీ వల్ల వచ్చినవి కావు.

ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ బోల్టు వదులు చేసి, నిప్పు కాస్త ఆలస్యంగా పడేలా తిప్పి బిగించాడు. తనే హ్యాండిల్ కొడతానన్నాడు.

"నా లారీ, నా చెయ్యి. నువ్వు జరుగు," అన్నాడు శివరాం.

తిప్పాడు. ఇంజన్ మెత్తగా అందుకుంది. హ్యాండిల్ ఎదురు తిరగలేదు.

శివరాం చేతులు తుడుచుకుంటూ వచ్చి బల్ల మీద కూర్చున్నాడు. పోసవ్వ అతన్ని చూసింది, ఖాళీ బల్లను చూసింది, తన చేతులను చూసుకుంది. పొయ్యి చల్లారింది. ఆమె గడప మీది వెదురు బద్దలు తెచ్చి, విరిచి పొయ్యిలో పెట్టి, గిన్నె ఎక్కించింది.

"జర ఆగు బిడ్డా," అంది.

శివరాం కుడిచెయ్యి బల్ల మీద ఆనించి కూర్చున్నాడు. ఆ అంగట్లో చాయ్ కోసం ఎదురుచూసిన మొదటి మనిషి అతనే.