మెర్ల్ మంచె దగ్గరి కొమ్మ

మెర్ల్ ప్రిబిల్ అడవిలో చెట్టుకు కట్టిన తన వేట మంచె మీది నుంచి కావాలనే దూకి చనిపోయాడని ఆ చుట్టుపక్కల అందరూ నమ్ముతారు. పైకి అనేవారు మాత్రం తక్కువ. శుక్రవారం సాయంత్రం చేపల వేపుడు కోసం క్లబ్బులో చేరినవారు, అతని భార్య లవోన్ తలుపు తోసుకుని రాగానే మొక్కజొన్న ఎదుగుదల గురించీ వాన గురించీ మాట్లాడటం మొదలుపెడతారు. ఆమె అటు తిరగగానే ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.

నమ్మడానికి వారికి కారణాలు లేకపోలేదు. నిరుటి వసంతంలో కాగితం మిల్లు మూతపడి మెర్ల్‌కు పని పోయింది. ఆగస్టు చివర్లో ఒకనాడు ఒంటరిగా అడవిలోకి వెళ్ళాడు. వేట నవంబరులోనే అయినా, మంచె చుట్టూ అడ్డొచ్చే కొమ్మలను ఆగస్టులోనే కోసి పెట్టడం అక్కడి వేటగాళ్ళందరికీ అలవాటు. తెగిన కొమ్మల వాసన పోయి, జింకలు ఆ ఖాళీకి అలవాటుపడేందుకు అంత వ్యవధి ఇస్తారు. కాని మెర్ల్ పడి ఉన్న చోట తెగిన కొమ్మ ఒక్కటీ కనబడలేదు. కొమ్మలు కోసే కత్తెర కనబడలేదు. మడత రంపం ట్రక్కులోనే ఉండిపోయింది. అన్నిటికన్నా పెద్ద సాక్ష్యం తాడు. పడిపోకుండా ఒంటికి బిగించుకునే పట్టీలు అతని ఒంటి మీదే ఉన్నాయి గాని, వాటిని చెట్టుకు కలిపే తాడు కొక్కెం విప్పి ఉంది. అది తెగలేదు, విరగలేదు. చేత్తో తీస్తే తప్ప ఊడేది కాదు.

దూకదలచినవాడు పట్టీలు బిగించుకుని మరీ ఎక్కుతాడా అని అడిగినవారు ఒకరిద్దరున్నారు. ఎక్కాక మనసు మారి ఉంటుందన్నారు మిగిలినవారు. ఆ జవాబు అందరికీ సరిపోయింది.

లవోన్ అవుననలేదు, కాదనలేదు. జున్ను ఫ్యాక్టరీలో పాలు పరీక్షించడం ఆమె ఉద్యోగం. గొట్టంలో రంగు తేలకముందే ఫలితం రాసే అలవాటు ఆమెకు లేదు. అంత్యక్రియల నాడు ఆమె ఏడవకపోవడాన్ని కూడా ఊరు తన లెక్కలో వేసుకుంది. నిజానికి ఆమెకు ఏమీ అనిపించలేదు. ఏడాది గడిచినా అనిపించడం లేదు. కాఫీ వేడిగా ఉందని నాలుకకు తెలుస్తుంది, రుచి తెలియదు. మెర్ల్ తనను వదిలి పోదలచుకున్నాడా, లేదా? ఆమె తెలుసుకోదలచింది ఇదొక్కటే. ఎవరినీ అడగలేదు, ఎందుకంటే ఎవరికీ తెలియదు. తెలిసేదాకా ఏడుపు కూడా దేనికి ఏడవాలో తెలియక ఎక్కడో ఆగిపోయినట్టుంది.

ఆగస్టు మళ్ళీ వచ్చింది. మెర్ల్ తమ్ముడు డ్వైట్ ఒక సాయంత్రం వంటింటి తలుపు దగ్గర బూట్లు విప్పి, బల్ల ముందు కూర్చున్నాడు.

"శనివారం ఖాళీ చూసుకున్నా, లవోన్. ఆ మంచె దించేస్తా. చెట్టు కూడా కొట్టేస్తే పొయ్యిలోకి పనికొస్తుంది."

"ఎందుకు దించడం?"

"ఎందుకంటే ఏం చెప్పను? ఎవడెక్కుతాడు దాన్ని? నిరుడు నవంబరులో ఒక్కడైనా ఆ పక్కకి పోయాడా? పోలీసువాడు ఒక్కసారి ఎక్కి, తాడు చూసి దిగాడు. అంతే."

"నేనెక్కుతా. ఈ ఏడు వేటకి అక్కడే కూర్చుంటా."

డ్వైట్ తల గోక్కున్నాడు. "నీకు పిచ్చిగానీ పట్టలేదు కదా?"

"ముందు కొమ్మలు కోయాలి. శనివారం నువ్వొచ్చి నిచ్చెన పట్టుకో, చాలు."

"దేంతో కోస్తావు? ఇంట్లో కత్తెరే లేదుగా."

లేదు. మెర్ల్ ఏటా ఒక కొమ్మల కత్తెర కొనేవాడు, ఏటా పోగొట్టేవాడు. పోవడానికి కారణం అతనే. కొత్త కత్తెర ఇంటికి రాగానే దాని ఎర్రటి పిడులకు, ఎండుటాకు రంగు మచ్చలున్న గుడ్డ టేపు చుట్టేవాడు. జింకల కంట పడకూడదట. జింక కంటికి ఎరుపు తెలియదన్నది పరిశోధకులు ఎప్పుడో తేల్చిన విషయం. అందుకే వేటగాళ్ళు ఒకరినొకరు కాల్చుకోకుండా నారింజ రంగు చొక్కాలు వేసుకోవాలని చట్టం కూడా చేయగలిగారు. "నీ చొక్కా కనబడని జింకకి నీ కత్తెర పిడి కనబడుతుందా?" అని లవోన్ ఒకసారి అడిగింది. "చొక్కా చట్టం కోసం, కత్తెర నా కోసం," అన్నాడు మెర్ల్. థర్మాస్‌కూ, టార్చికీ, మంచె నిచ్చెన మెట్లకూ కూడా అదే టేపు చుట్టాడు. ఆకుల్లో ఎక్కడైనా కత్తెర జారవిడిస్తే జింక మాట దేవుడెరుగు, అతనికే దొరికేది కాదు.

"కత్తెర లేకుండా కొమ్మలు కోయడానికి ఎవడెళ్తాడు, లవోన్?" డ్వైట్ నెమ్మదిగా అన్నాడు. కొత్త కత్తెర గురించి కాదు, మెర్ల్ గురించి ఆ మాట. ఆమెకు అర్థమైంది. లేచి అతని కప్పులో కాఫీ పోసింది.

మర్నాడు ఫ్యాక్టరీ నుంచి నేరుగా ఇనుప సామాన్ల కొట్టుకు వెళ్ళింది. కొట్టు యజమాని ఓర్విల్ కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, కత్తెరలు తగిలించిన గోడ వైపు నడిచాడు.

"గులాబీలకా?"

"మంచె దగ్గర కొమ్మలకి."

ఓర్విల్ చెయ్యి ఒక్క క్షణం గాలిలో ఆగి, మళ్ళీ కదిలింది. రెండు రకాలు తీసి బల్ల మీద పెట్టాడు. ఒకదానిలో రెండు రెక్కలూ ఒకదాని పక్కగా మరొకటి జారతాయి, బట్టల కత్తెరలాగే. రెండోదానిలో పదునున్న రెక్క ఒకటే. అది కమ్మరి దాగలి మీద సమ్మెట పడినట్టు ఎదుటి చదును ఇనుము మీద పడుతుంది.

"ఎండు కొమ్మలకైతే దాగలి రకం. పచ్చివాటికి జారేది. రెండూ కొనుక్కున్నావనుకో, నాకు మంచిది." బల్ల కింది బకెట్‌లోంచి ఒక పచ్చి విల్లో కొమ్మ తీసి ఆమె ముందు పెట్టాడు. "కొయ్యి, చూద్దాం."

లవోన్ రెండింటితోనూ కోసింది. మొదటిది నున్నగా తెంచింది. రెండోదాని కింద కొమ్మ ముందు నలిగి, తొక్క చీలి, ఆ తర్వాత తెగింది. ఆమె తెగిన రెండు కొసలనూ బొటనవేలితో తడిమి చూసింది. మనిషి వాసన అంటకుండా అడవిలో చేతులకు రబ్బరు తొడుగులు వేసుకుంటారు. తనవి సంచిలోంచి తీసి వేసుకుని, గోడ మీది కత్తెరలను కూడా ఒక్కొక్కటే తెరిచి మూసింది. కొన్నింటి స్ప్రింగు గట్టిగా ఉంది. కొన్నింటి గొళ్ళెం తొడుగు వేసుకున్న వేలికి అందలేదు.

"మెర్ల్ ఎప్పుడూ దాగలి రకమే పట్టుకెళ్ళేవాడు," అన్నాడు ఓర్విల్. "పచ్చికొమ్మకి అది వద్దురా బాబూ, ఇరుక్కుపోతుందంటే వినేవాడా? నిరుడు కూడా ఆగస్టులోనే..." అని ఆగిపోయాడు.

"నిరుడు కూడా కొన్నాడా?"

"కొన్నట్టే గుర్తు. ఎప్పుడు కొన్నాడో చెప్పలేను. ఏడాదికొకటి కొనేవాడాయె." అతను గోడ మీది నుంచి మరొకటి తీశాడు. "ఇదిగో, ఆకుపచ్చ మచ్చల పిడిది ఉంది. వేటకని చేసిందే. ఎరుపైతే జింకలు పసిగట్టేస్తాయి."

"జింకలకి ఎరుపు కనపడదు, ఓర్విల్."

"నీకెవరు చెప్పారు? జింక చెప్పిందా?"

"నాకు చెప్పలేదు. కనపడుతుందని నీకు చెప్పిందా?"

ఓర్విల్ పకపకా నవ్వాడు. లవోన్ నవ్వలేదు, నవ్వకూడదని మాత్రం కాదు. జారే రకంలో ఎర్ర పిడులున్నది తీసుకుంది. పిడులను గట్టిగా లాగి చూస్తే, ఇనుము మీద తొడిగిన రబ్బరు కొంచెం కదిలింది.

"ఆ తొడుగులంతే," అన్నాడతను. "అన్ని కత్తెరలకీ అంతే. కొయ్యి గాని, లాగకు. రెండు చేతులా లాగితే పిడి అక్కడుంటుంది, తొడుగు నీ చేతిలో ఉంటుంది. లోపల కాస్త జిగురు పెట్టుకో."

ఇంటికి వచ్చి జిగురు కోసం వంటింటి సొరుగు తెరిచింది. రబ్బరు బ్యాండ్లూ కొవ్వొత్తి ముక్కలూ ఉన్న ఆ సొరుగులోనే పోలీసులు తిరిగి ఇచ్చిన మెర్ల్ వస్తువులున్నాయి. చేతి గడియారం, మడత చాకు, మచ్చల టేపు చుట్టిన ఒక గొట్టం ముక్క. జానెడు కూడా లేదు అది. మెర్ల్ చేతి పక్కన గడ్డిలో దొరికిందన్నారు. నిచ్చెన మెట్టు మీది తొడుగేదో పట్టు కోసం చూస్తే ఊడి వచ్చి ఉంటుందని తేల్చారు, మెట్లకూ అదే టేపు కాబట్టి. లవోన్ దాన్ని పక్కకు జరిపి, జిగురు తీసుకుని, సొరుగు మూసింది.

శనివారం పొద్దున ఎండ మేపుల్ ఆకుల మీదే ఆగిపోయి, కింద నేలంతా చల్లగా ఉంది. జోరీగలు టోపీ చుట్టూ తిరుగుతున్నాయి. లవోన్ పట్టీలు బిగించుకుని, చెట్టుకు కట్టిన తాడు కొక్కెం తగిలించుకుని, ఒక్కో మెట్టే ఎక్కింది. మెట్లను చూస్తూ ఎక్కింది. టేపు అన్నింటి మీదా చెక్కుచెదరకుండా ఉంది. అవి వట్టి ఇనుప చువ్వలు, టేపు కింద తొడుగన్నదే లేదు. ఆ సంగతి గమనించింది గాని దాంతో ఏం చెయ్యాలో ఆమెకు తోచలేదు.

మంచె మీద కూర్చుని చూస్తే మెర్ల్ ఎప్పుడూ చెబుతుండే సందు కనబడింది. రెండు ఫెర్న్ గుబుర్ల మధ్యగా జింకలు నీటికి దిగే సన్నని దారి అది. చేతికందిన రెమ్మలను కోస్తూ వచ్చింది. కొత్త కత్తెర శబ్దం లేకుండా కోస్తోంది. రెమ్మలు డ్వైట్ మీద పడుతున్నాయి.

"ఓయ్, నన్నెందుకు కప్పెడుతున్నావు? నేనింకా బతికే ఉన్నా!"

"పక్కకి జరుగు అయితే."

చివరకు ఒక్క కొమ్మ మిగిలింది. పక్క చెట్టుది. కర్ర ఇనుమంత గట్టిదని ఆ చెట్టును ఇనుపకర్ర అంటారు. ఆ కొమ్మ సరిగ్గా సందుకు అడ్డంగా వాలి ఉంది, గుబురుగా ఆకులతో. దాన్ని వదిలేస్తే మిగిలినవన్నీ కోసి లాభం లేదు. లవోన్ లేచి నిలబడి, వంగి, చెయ్యి చాచింది. తాడు బిగుసుకుంది. కొమ్మకూ ఆమె వేళ్ళకూ మధ్య మూరెడు ఎడం.

"అందట్లేదా?" డ్వైట్ కింది నుంచి అరిచాడు.

"తాడు చాలట్లేదు."

"ఒక్క నిమిషం కొక్కెం తీసి వంగు. నేనున్నాగా కింద! అందరం అంతే చేస్తాం, దూరం కొమ్మకి ఎప్పుడూ తాడు చాలదు. మెర్ల్ కూడా..."

పైన ఆమె చెయ్యి గాలిలోనే ఆగింది. అడవిలో ఎక్కడో వడ్రంగిపిట్ట పొడిచి, ఆగి, మళ్ళీ పొడిచింది.

"మెర్ల్ కూడా?" అంది లవోన్.

"ఏటా తీసేవాడు. ముందు దూరం కొమ్మ పనే పట్టేవాడు," అన్నాడు డ్వైట్. వెంటనే తన మాటను తానే వెనక్కి లాక్కుంటున్నట్టు, "కానీ కత్తెరేది, లవోన్? కత్తెర దొరకలేదుగా! గడ్డి మొత్తం నేనే వెతికా. చేతులతో వెతికా."

లవోన్ కొక్కెం మీద చెయ్యి వేసి, అది బిగిసి ఉందో లేదో చూసుకుంది. తుపాకీని పైకి లాక్కోవడానికి మంచెకు కట్టి ఉంచిన సన్నతాడు విప్పి, దాని కొస కొక్కేన్ని కొమ్మ మీదికి విసిరింది. రెండుసార్లు జారిపోయింది. మూడోసారి రెమ్మల్లో పట్టుకుంది. రెండు చేతులా తనవైపు లాగింది. కొమ్మ మొండికేసి, కిర్రుమని, మెల్లగా వంగి వచ్చింది. ఆకులన్నీ ఒక్కసారి బోర్లా తిరిగి, తెల్లటి వీపులు చూపించాయి.

ఎండుటాకు రంగు మచ్చలు ఆ ఆకుల మధ్య తిరగకుండా అలాగే ఉండిపోయాయి.

దాగలి రకం కత్తెర అది. కొమ్మను కింది వైపు నుంచి సగం దాకా కోసి ఆగిపోయింది. కొమ్మ తన బరువుతో కోతను మూసేసి, రెక్కను పట్టేసింది. ఏడాదిగా పెరిగిన బెరడు అంచు లావుగా ఉబ్బి, ఇనుము మీదికి పెదవిలా పాకింది. గొళ్ళెం తుప్పు పట్టింది.

"ఏముంది పైన?" డ్వైట్ నిచ్చెన కడ్డీ గట్టిగా పట్టుకుని అడిగాడు. "లవోన్! ఏమైంది? ఏముంది?"

"కత్తెర," అంది ఆమె. తన గొంతు తనకే కొత్తగా, తడిగా వినిపించింది. "కొమ్మలోనే ఉంది."

దాని రెండు పిడులలో ఒకదానికి మచ్చల టేపు చుట్టిన తొడుగు ఉంది. రెండోది వట్టి ఇనుము. దాని తొడుగు వంటింటి సొరుగులో ఉంది.