పసుపు గౌన్లు

టైలర్ మాస్టారు మహా చమత్కారి అని వీధంతా పేరు. కత్తెర కావాలంటే పనివాడితో "ఆ నోరున్న ఇనుము ఇటియ్యి" అంటాడు. కాలరును "మెడపట్టీ" అంటాడు. షాపుకొచ్చినవాళ్లు పగలబడి నవ్వేవారు. "క"తో మొదలయ్యే ఏ మాట దగ్గరైనా ఆయన నాలుక మొరాయిస్తుందనీ, చిన్నప్పుడు బళ్లో నలుగురూ నవ్విన దగ్గర్నుంచి ఆ మాటలన్నిటికీ చుట్టుదారులు వెతుక్కున్నాడనీ వాళ్లెవరికీ తెలియదు. కట్టుకున్న భార్యకే తెలియదు.

కూతురికీ నత్తి వచ్చింది. దాని బండి "బ" దగ్గర ఆగిపోయేది. తల్లి బెంగపడింది గానీ మాస్టారు ఇదీ ఒక జబ్బేనా అని కొట్టిపారేసి, తన విద్యంతా పిల్లకు ధారపోశాడు.

"రాని మాటతో పోట్లాట పెట్టుకోకు బంగారం. దాన్నొదిలేసి పక్కమాట పట్టుకో."

పిల్ల ఇట్టే పట్టేసింది. నత్తి మాయమైందని మాస్టారు మురిసి ముక్కలయ్యాడు. బళ్లో టీచరు మాత్రం, మీ అమ్మాయి బొత్తిగా నోరు విప్పడం లేదు, స్పీచ్ థెరపీకి తీసుకెళ్లండి అని కబురు పెట్టింది. చేసేదిలేక తనే వెంటబెట్టుకుని వెళ్లాడు.

పిల్లల కుర్చీలో మోకాళ్లు గడ్డానికి తగులుతుండగా కూర్చున్నాడు. థెరపిస్టు బల్ల మీద రంగు పెన్సిళ్లు పరిచి, నీకిష్టమైన రంగేదమ్మా అని అడిగింది.

"పసుపు," అంది పిల్ల ఠక్కున.

మాస్టారు తృప్తిగా తలాడించాడు. ఇంట్లో దాని గౌన్లన్నీ పసుపే, అన్నీ తను కుట్టినవే.

"తొందరేం లేదు. మాట ఆగినా ఫర్వాలేదు, నేను వింటాను. నిజంగా ఏ రంగు?" అందామె.

పిల్ల తండ్రి వైపు చూసింది. పెదాలు బిగుసుకున్నాయి. "బ్... బ్... బూ..." మాస్టారు కుర్చీలో ముందుకు జరిగాడు. ఏదో ఒక పక్కమాట అందించాలని నోరు తెరిచి, థెరపిస్టు చూపుకు జడిసి మూసుకున్నాడు.

"బూడిద రంగు! మన షాపు మెట్ల మీద పడుకుంటుందే పిల్లి, ఆ రంగు."

"మరి పసుపో?" అడిగింది థెరపిస్టు.

"అది నోటికొస్తుంది. నాకస్సలు నచ్చదు."

మాస్టారి గుండె కలుక్కుమంది. ఎన్ని గౌన్లు! ఒక్కదాన్నీ పిల్ల వద్దనలేదు. కావలసింది వదులుకుని, దొరికినదాంతో సర్దుకోవడం దానికి తనే నేర్పాడు. ఎంత పాపిష్టి పని చేశానని కుమిలిపోయాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, తనకూ నత్తి ఉందని థెరపిస్టు ముందు బయటపెట్టాడు.

"అయితే మీరూ ఆగండి, పాప ఎదురుగానే. ఆగినా కొంపలేం మునగవని అది కళ్లారా చూడాలి," అందామె.

ఆ సాయంత్రం షాపులో మెషీను ఆపి కూర్చున్నాడు. పిల్ల గుడ్డముక్కల గుట్టెక్కి అడిగింది.

"నీకు ఏ మాట రాదు నాన్నా?"

ఆయన మెడలోని టేపు తీశాడు, మళ్లీ వేసుకున్నాడు. "చాలా ఉన్నాయి. అన్నిటికన్నా, నీ పేరు."

ఆ పేరు అత్తగారు పెట్టింది. సరిగ్గా ఆ "క"తోనే. ఆ రోజు అందరితోపాటు నవ్వేసి, పిల్లను ఎత్తుకుని "బంగారం" అన్నాడు. ఇంతవరకూ ఇంకోలా పిలవలేదు. ఎంత గారాబమో అని ఇల్లంతా మురిసిపోయింది.

పిల్ల ఆలోచనలో పడింది. "అంటే... అది ముద్దుకి కాదా?"

"ముద్దుకే. ఒట్టు."

"మరైతే ఇప్పుడు నా పేరు పిలువు."

మాస్టారు మెషీను బల్ల గట్టిగా పట్టుకున్నాడు. "క్... క్... క్..." మెడ నరాలు ఉబ్బాయి, కళ్లు మూతపడ్డాయి. మాట గొంతులోంచి ఇవతలికి రాలేదు. పిల్ల నవ్వలేదు. గుట్ట దిగొచ్చి ఆయన మోకాలి మీద చెయ్యేసింది.

"ఫర్వాలేదు నాన్నా, దాంతో పోట్లాట పెట్టుకోకు," అంది. "బ్... బ్... బ్..." ఆగిపోయింది. అయినా వదల్లేదు.

"బంగారం అను."