రెండు రింగులు

ఆమెకు అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే: చెప్పిన వేళకు ఫోను మోగకపోవడం. జబ్బులకు మందులున్నాయి, దొంగలకు తాళాలున్నాయి. కానీ చెప్పిన వేళ దాటిపోయి, గోడ గడియారం ముల్లు ఇంకో గీత ముందుకు జరిగి, ఫోను మాత్రం బల్ల మీద నల్లగా పడి ఉందంటే ఆమె చేతిలో పని ఎక్కడిదక్కడ ఆగిపోయేది.

ఆ భయం కూతురితోపాటే పుట్టింది. అప్పటికి ఆమెకింకా పద్దెనిమిదేళ్ళు నిండలేదు. కూతురు పదేళ్ళ వయసులో మొదటిసారి ఒంటరిగా బస్సెక్కి బడికి వెళ్ళిన రోజున ఒక కట్టుబాటు పెట్టింది. చేరగానే రింగివ్వాలి. రెండు రింగులు మోగించి కట్ చేస్తే క్షేమం. మూడోది కూడా మోగిందంటే ఏదో అయిందని అర్థం, అప్పుడు ఎత్తుతుంది. ఆమె పనిచేసేది వానకోట్లు కుట్టే కార్ఖానాలో. నలభై మిషన్ల హోరులో మాటలెలాగూ వినబడవు. నడుముకు కట్టుకున్న చిన్న సంచిలో ఫోను రెండుసార్లు వణికితే చాలు, మళ్ళీ కోటుకు చేతులు అతికే పనిలో పడేది.

కూతురిని వాళ్ళ నాన్న సుడిగాలీ అని పిలిచేవాడు. నడక నేర్వకముందే పరుగు నేర్చిన పిల్ల. పదహారు నిండిన వారానికి, అందరూ తింటుండగా, ఉప్పందుకున్నంత మామూలుగా అంది.

"అమ్మా, ఈ సెలవుల్లో నేను కొండలు దాటుతాను."

"ఎవరితో?"

"నాతోనే."

ఆరు రోజుల నడక. దారి పొడుగునా ఐదు విడిది గదులు, రాతితో కట్టినవి. పదహారు దాటిన పిల్లలు ఒంటరిగా వెళ్ళాలంటే అటవీ ఆఫీసుకు అమ్మానాన్నలిద్దరి సంతకం కావాలి. పిల్ల అన్నీ సిద్ధం చేసుకునే వచ్చింది. రెండేళ్ళుగా సెలవు దొరికినప్పుడల్లా తండ్రితో గుట్టలెక్కుతూనే ఉంది. మ్యాపు చూడటం, మబ్బు చూసి వాన చెప్పడం, తడి కట్టెతో పొయ్యి రాజేయడం అన్నీ వచ్చు. కాగితం బల్ల మీద పెట్టి, దాని మీద పెన్ను పెట్టి, ఎదురుగా కూర్చుంది.

ఆయన చదివి సంతకం పెట్టేశాడు. సిటీ బస్సు డ్రైవరు. ఎదురుగా ఏమున్నా ముందుకే పోవాలనే మనిషి.

"మీకు మతిగాని పోయిందా?" అందామె.

"ఎన్నాళ్ళని రెప్పల కింద దాస్తావే దాన్ని? రెప్పలు మూసే ఉంచితే దానికేం కనబడుతుంది?"

"పడితే?"

"పడితే లేస్తుంది."

"లేవకపోతే?"

ఆయన కంచం పక్కకు జరిపాడు. చేయి కడుక్కోవడానికి లేచి వెళ్ళాడు.

వారం రోజులు ఆ కాగితం బల్ల మీదే ఉంది. ఆమె దాని చుట్టూ తుడిచింది గానీ దాన్ని ముట్టుకోలేదు. నిజానికి ఆమె నోటికి అడ్డం పడుతున్నది కూతురి మాట కాదు, తన తల్లి మాట. ఆమెకు పదమూడేళ్ళప్పుడు పై తరగతులకు వెళ్ళాలంటే ఏరు దాటాల్సి వచ్చింది, పడవలో. "పడవ మునిగితే?" అంది తల్లి. ఆ ఒక్క మాటతో ఎనిమిదో తరగతి దగ్గర చదువు ఆగిపోయింది. ఆ తరవాత ఆ పడవ ఎన్ని వేలసార్లు ఏరు దాటిందో, ఒక్కసారీ మునగలేదు. అందులో వెళ్ళిన పక్కింటి పిల్ల ఇప్పుడు ఆసుపత్రిలో నర్సు. సూది వేసేటప్పుడు ఆమెను గుర్తుపట్టి, "లెక్కల్లో నువ్వు నాకంటే ముందుండేదానివి కదే" అంది ఓసారి. సూది నొప్పి ఆ సాయంత్రానికే పోయింది. మాట పోలేదు.

ఎనిమిదో రోజు పొద్దున ఆమె సంతకం పెట్టింది. అక్షరాలు విడివిడిగా, ఒకదాన్నొకటి ఎరగనట్టు పడ్డాయి. పెన్ను వదలకుండానే అంది.

"రోజూ సాయంత్రం ఆరింటికి రెండు రింగులు. అది తప్పావంటే మర్నాడే నేను కొండెక్కి వస్తాను."

పిల్ల నవ్వింది. "నువ్వా? మేడ మెట్లెక్కితేనే ఆయాసపడతావు."

"నవ్వులాట కాదు."

"కొన్నిచోట్ల సిగ్నల్ ఉండదేమోనమ్మా."

"ఉన్నచోటికి వెళ్ళి చెయ్యి."

ఆ మూడు మాటలూ అంత తేలిగ్గా నోటినుంచి ఊడిపడ్డాయి. దుప్పటి కప్పుకో, మంచినీళ్ళు తాగు అన్నట్టు.

కార్ఖానాలో మిగిలిన నారింజ రంగు గుడ్డ అడిగి తెచ్చుకుని కోటు కుట్టింది. ప్రతి కుట్టూ రెండేసిసార్లు వేసింది. లోపల గుండె దగ్గర ఫోనుకో జేబు, దానికో మూత. పక్క మిషను మీద కూర్చునే పెద్దావిడను అందరూ కాజాలత్త అంటారు, ముప్ఫయ్యేళ్ళుగా బొత్తాల కాజాలే కుడుతోంది గనక. ఆవిడ కోటు చేతుల్లోకి తీసుకుని తిప్పి చూసింది.

"పిల్ల తడవదు, అది సరే. కదలగలదా అని! విప్పి నేలమీద పెడితే ఈ కోటే నిలబడేట్టుంది."

"నవ్వకత్తా, నా గుండెలు దడదడలాడుతున్నాయి."

"నవ్వక ఏడవమంటావా? మా మనవరాలు పక్కవీధికెళ్తానంటే ఇంట్లో పంచాయితీ పెడతాం. నువ్వేమో కొండల్లోకి తోలుతున్నావు. ఒకటి నువ్వు మాకంటే ధైర్యస్థురాలివన్నా అవ్వాలి, లేకపోతే..."

"లేకపోతే?"

"ఏం లేదులే. కాజా వెయ్యనా?"

గుండె జేబుకు ఆవిడే కాజా కుట్టి, బొత్తం పెట్టింది.

నడక మొదటి రోజు ఆరింటికి ఫోను రెండుసార్లు వణికింది. రెండో రోజూ వణికింది. ఆరింటికి కార్ఖానాలో ఆఖరి గంట నడుస్తూ ఉంటుంది. అయిదున్నర నుంచే ఆమె కుట్టు వంకరపోయేది, మోగాక తిన్నబడేది. మూడో రోజు రెండుసార్లు వణికి ఆగలేదు. మూడోది వణికింది. మిషన్ వదిలి, చెప్పులు వదిలి, వాకిట్లోకి పరిగెత్తి ఎత్తింది.

"ఏమైందే? ఎక్కడున్నావే?"

"ఏం కాలేదమ్మా. నీ గొంతు వినాలనిపించింది. మబ్బులన్నీ నాకు కిందున్నాయి. దూదికట్టల గోదాములా ఉంది, నువ్వు చూస్తే..."

"మూడో రింగు ఎందుకిచ్చావే! నా ప్రాణం పోయిందనుకో! ఇంకోసారి ఇలా చేశావంటే ఊరుకోను. పెట్టెయ్."

పిల్ల పెట్టేసింది.

నాలుగో రోజు ఆరు దాటింది. ఆరూ అయిదు. ఆరూ పది. సూపర్వైజరు వచ్చి ఎదురుగా నిలబడినా ఆమెకు కనబడలేదు. ఆరూ పన్నెండుకు ఫోను వణికింది. ఒకటి. రెండు. ఆగింది. ఆమె గట్టిగా నవ్వేసింది. "సిగ్నల్ దొరికుండదు, వెతుక్కుని మరీ ఇచ్చింది నా తల్లి" అని కాజాలత్త భుజం మీద చరిచింది. ఆ సాయంత్రం ఇంటికి వెళ్తూ దారిలో చిన్నగా పాట కూడా పాడుకుంది.

అయిదో రోజు ఫోను మోగలేదు.

ఆరో రోజు తెల్లవారేసరికి భార్యాభర్తలిద్దరూ కొండ కింద అటవీ ఆఫీసులో ఉన్నారు. మధ్యాహ్నానికి గార్డు వాళ్ళను జీపులో కొంతదూరం, నడకలో కొంతదూరం తీసుకెళ్ళి నాలుగో విడిది గది చేర్చాడు. భర్త గదిలోకి తొంగి కూడా చూడకుండా వెతికేవాళ్ళతో కలిసి లోయ వైపు దిగాడు. ఆమె గార్డుతో గదిలోనే ఉండిపోయింది.

గదిలో అంతా పద్ధతిగా ఉంది. మంచం మీద పక్క పరిచి ఉంది. పొయ్యి మీద గిన్నెలో కొలతగా నీళ్ళు. ఇంకా వెలిగించలేదు. పక్కన పొడి కట్టెలు, అగ్గిపెట్టె. తలుపు వెనక మేకుకు నారింజ రంగు కోటు, ఆరడానికి చేతులు చాపి వేలాడదీసి ఉంది.

"పిల్ల తెలివైందమ్మా," అన్నాడు గార్డు. తల నెరిసిన మనిషి. "అన్నీ సరిగ్గానే చేసింది. పొగమంచు కమ్మితే గది వదలకూడదు, అది మొదటి రూలు. మంచు రాకముందే వచ్చి చేరింది కూడా. వచ్చాక కదలకుండా ఉంటే చాలు, ఎవరికీ ఏమీ కాదిక్కడ. మళ్ళీ బయటికెందుకెళ్ళిందో మాత్రం..."

అంటూనే గార్డు గూట్లోంచి పుస్తకం తీశాడు. గదికి వచ్చినవాళ్ళూ వెళ్ళేవాళ్ళూ వేళ రాయాల్సిన పుస్తకం అది. ఆఖరి పేజీ తీసి చదివి, ఆమె ముందు పెట్టాడు. ఆమె వేలు పెట్టి అక్షరం అక్షరం కూడబలుక్కుంది.

*అయిదూ ఇరవై అయిదుకు చేరాను. బయట మంచు బాగా ఉంది. గదిలో సిగ్నల్ లేదు. అమ్మకు రింగివ్వడానికి పై గుట్ట దాకా వెళ్ళొస్తా. పది నిమిషాలు.*

పుస్తకం మూసి ఆమె అంది, "ఇది మా ఆయనకు చెప్పకండి."

"రిపోర్టులో రాయాలమ్మా."

"రాసుకోండి. ఆయన రిపోర్టులు చదవరు. నోటితో మాత్రం చెప్పకండి."

తొమ్మిది రోజులు వెతికారు. కుక్కలను తెచ్చారు, తాళ్ళు వేసుకుని లోయలోకి దిగారు. పదో రోజు వాన పట్టుకుంది. వదలని వాన. వెతుకులాట ఆగింది. పిల్ల దొరకలేదు. చేతికి ఒక చెప్పైనా, ఒక రిబ్బనైనా దొరకలేదు.

ఊరి నోటికి మూత లేదు గదా. నేరమంతా తండ్రి నెత్తినే పడింది. "ఆడపిల్లను ఒంటరిగా కొండల మీదికి తోలాడట, ఏం మనిషండీ!" బస్సులో ఆయన వెనక సీట్లలోనే అనుకునేవాళ్ళు, అద్దంలో ఆయన కళ్ళు చూస్తూ. ఎవరెదురుపడి అడిగినా ఆయన ఒకటే మాట: "అవును. నేనే పంపాను." ఆమె దగ్గరికొచ్చినవాళ్ళు మాత్రం చేయి పట్టుకుని, "నీ తప్పేముందమ్మా, నువ్వు వద్దు వద్దంటూనే ఉన్నావుగా" అనేవాళ్ళు. ఆమె తలొంచుకుని వినేది. తలొంచుకుంటే దుఃఖమనుకుంటారు. నోరు తెరిస్తే ఏమవుతుందో ఆమెకు తెలుసు.

ఇంట్లో ఆయన అడుగుల చప్పుడు కూడా తగ్గిపోయింది. గిన్నెలు కడిగేవాడు, ఆమె అడక్కముందే నీళ్ళు పట్టేవాడు. అప్పు తీర్చలేనివాడు ఊడిగం చేసినట్టు. అదే ఆమె భరించలేకపోయింది.

నలభై రోజులు దాటాక ఒక పొద్దున ఆయన గుమ్మంలో కూర్చుని బూట్లు వేసుకుంటూ, తల ఎత్తకుండా అన్నాడు. "ఆ రోజు నువ్వడిగావు, లేవకపోతే అని. నేను విని ఉంటే..."

"ఏమండీ," అందామె. "అది పడలేదండీ. గది చేరింది. మంచు ముదరకముందే చేరింది."

ఆయన చేతులు లేసు మీద ఆగాయి.

"పక్కేసుకుంది. పొయ్యి మీద నీళ్ళు పెట్టుకుంది. నాకు రింగివ్వడానికి బయటికొచ్చింది. సిగ్నల్ ఉన్నచోటికెళ్ళి చెయ్యమన్నాను గదా నేను. వెళ్ళి చేసింది, ఆ నాలుగో రోజు, ఆరూ పన్నెండుకి. పుస్తకంలో రాసిపెట్టి మరీ వెళ్ళింది." రాసింది రాసినట్టు పొల్లు పోకుండా అప్పచెప్పింది. బళ్ళో కూడా ఏ పాఠమూ అంత బాగా అప్పచెప్పలేదు.

"నీకెప్పుడు తెలిసింది?"

"మనం కొండెక్కిన రోజే."

ఆయన రెండో బూటు లేసు కట్టుకోలేదు. లేచి, జేబులోంచి తన ఫోను తీసి, గడియారం కింద బల్ల మీద పెట్టాడు. దాన్ని ఒకసారి చూసి, భోజనం సంచి భుజానికి తగిలించుకుని వెళ్ళిపోయాడు. తిట్టి ఉంటే బాగుండేది. కొట్టినా బాగుండేది.

అప్పటినుంచి ఆయన ఇంటికి రాలేదు. ఇవాళ్టికి పందొమ్మిది రోజులు. బస్సు తోలుతూనే ఉన్నాడట. డ్యూటీ దిగాక డిపో వెనక డ్రైవర్ల గదిలో పడుకుంటున్నాడట. ఆమె రెండుసార్లు వెళ్ళింది. మొదటి గేటు దగ్గర ఆమె నిలబడి ఉండగానే రెండో గేటునుంచి వెళ్ళిపోయాడు.

"నువ్వు వద్దంటే అది జీవితాంతం నిన్ను తిట్టుకుంటూ బతికేదే," అంది కాజాలత్త ఒకరోజు, మిషన్ ఆపి. "తిట్టుకుంటూనే, బతికేది."

"వద్దనైనా అనాల్సింది. లేకపోతే పోనీ అని పూర్తిగా వదిలెయ్యాల్సింది, అత్తా. నేను సగం పంపాను. సగం చేతిలో పట్టుకున్నాను."

కాజాలత్త మళ్ళీ మిషన్ నడిపింది. తల్లులు ఏం చెయ్యాలో ఆవిడకూ తెలియదు. ఆరవుతోంది. ఆమె మిషన్ మీది చేతులు వాటంతటవే ఆగాయి, నడుము సంచి మీదికి వెళ్ళాయి. రోజూ ఆగుతాయి. సూపర్వైజరు కూడా ఇప్పుడేమీ అనడు. ఆ పది నిమిషాలు ఆమె ముందునుంచి కుట్టాల్సిన గుడ్డల కట్ట తీసి పక్కావిడకు ఇస్తాడు.

ఈ కథ చదివినవాళ్ళు ఆమెకోసం ఏడవక్కర్లేదు, ఆమెకు కాజాలత్త ఉంది. ఆయనకే ఎవరూ లేరు. మీలో ఎవరైనా ఆ డిపో వైపు వెళ్తే కొంచెం ఆగండి. పొడుగాటి మనిషి, ఎవరితోనూ మాట్లాడడు. కోటు కుట్టగా మిగిలిన గుడ్డతో కుట్టిన నారింజ రంగు భోజనం సంచి ఉంటుంది ఆయన భుజానికి. అందులో ఏమన్నా ఉందో, ఖాళీదే మోస్తున్నాడో ఆమెకు తెలియదు. తిన్నావా అని అడగండి. జవాబు చెప్పకపోతే కాసేపు పక్కన కూర్చోండి. ఫోను చేసి లాభం లేదు, ఆయన ఫోను ఇక్కడే గడియారం కింద ఉంది. మనిషే వెళ్ళాలి. దయచేసి ఒకసారి వెళ్ళి, ఆయన ఎలా ఉన్నాడో చూసి రండి.